పురానికి బయట పౌర సమాజం: నేపాల్ యుద్ధకాలంలో దళిత సంఘాలు

'సివిల్ సొసైటీ' అనే మాటను మనం 'పౌర సమాజం' అని తెలుగు చేసుకున్నాం. పురంలో ఉండేవాడు పౌరుడు. మరి పురానికి బయట, వాగు అవతల, ఊరికి ఒక పక్కగా నెట్టేసిన వాడలో ఉండేవాళ్లు ఎవరు? వాళ్లు పౌర సమాజంలో ఉన్నట్టా, లేనట్టా? దళిత ఉద్యమంలో పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న వేసుకోకుండా ఆ మాట వాడటం కుదరదని మా ఉద్దేశం.

యుద్ధంలో, అభద్రతలో ఉన్న దేశాల గురించి మాట్లాడేటప్పుడు 'అక్కడ పౌర సమాజాన్ని నిర్మించాలి' అనే మాట తరచుగా వినబడుతుంది. దాత సంస్థలు అంటాయి, విశ్వవిద్యాలయాల వాళ్లు అంటారు, పత్రికలు రాస్తాయి. నిర్మించడం అంటే ఏమిటి? రాజధానిలో నాలుగు సంఘాలు రిజిస్టరు చేయించి, శిక్షణా తరగతులు పెట్టి, ఒక సదస్సులో తీర్మానం చేస్తే అయిపోతుందా? లేక ఊళ్లో నీళ్ల దగ్గర, పని దగ్గర, చావు దగ్గర మనిషిని మనిషిగా లెక్కించే కట్టుబాటు పుట్టాలా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మేము నేపాల్‌ను తీసుకుంటున్నాం. 1996 నుంచి 2006 దాకా పదేళ్లపాటు అక్కడ మావోయిస్టులకూ రాజ్యానికీ మధ్య యుద్ధం జరిగింది. దాదాపు 17 వేల మంది చనిపోయారు. వెయ్యి మందికి పైగా మనుషుల ఆచూకీ ఈనాటికీ తెలియలేదు. చివరికి ఒప్పందం కుదిరింది, రాచరికం పోయింది, గణతంత్రం వచ్చింది. ఇందులో పౌర సమాజం పోషించిన పాత్ర గురించి చాలామంది రాశారు. ఆ రాతల్లో దళితులు ఎక్కువగా బాధితుల జాబితాలోనే కనబడతారు. ఆ సమాజాన్ని కట్టినవాళ్లుగా కనబడేది తక్కువ. మేము ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ తక్కువగా చెప్పిన సంగతే.

చట్టం రాసిన అంటరానితనం

మన దగ్గర అంటరానితనాన్ని ప్రధానంగా ఆచారం, శాస్త్రం, ఊరి పెత్తనం నడిపించాయి. నేపాల్‌లో వీటికి తోడు రాజ్యమే చట్టం రాసి మరీ నడిపించింది. 1854లో జంగ్ బహదూర్ రాణా ప్రభుత్వం 'ములుకీ ఐన్' అనే చట్టసంహితను తెచ్చింది. దేశంలోని కులాలనూ తెగలనూ మొత్తంగా ఒకే నిచ్చెన మీద ఐదు మెట్లుగా పేర్చింది. పై మెట్టు జంధ్యం వేసుకునేవాళ్లది. దాని కింద మద్యం తాగే జాతులు: బానిసలుగా మార్చకూడనివాళ్లు ఒక మెట్టు, మార్చదగినవాళ్లు ఇంకో మెట్టు. అట్టడుగు రెండు మెట్లూ 'నీళ్లు చెల్లని' వాళ్లవి. అంటే వాళ్ల చేతి నీళ్లు పైవాళ్లు ముట్టరు. అందులోనూ తేడా ఉంది. నాలుగో మెట్టువాళ్లను తాకితే మైల లేదు. ఐదో మెట్టువాళ్లను తాకితే ఒంటి మీద నీళ్లు చల్లుకుని శుద్ధి కావాలి.

ఆ ఐదో మెట్టులో ఎవరున్నారు? ఇనుము పనిచేసే కామీలు, తోలు పనిచేసే సార్కీలు, బట్టలు కుట్టి పెళ్లిళ్లకు బాజాలు వాయించే దమాయీలు, సారంగి పట్టుకుని ఊరూరా పాడుకునే గాయినేలు. మన ఊళ్లలో కమ్మరి అంటరానివాడు కాదు, దర్జీ అంటరానివాడు కాదు. అక్కడి కొండల్లో నాగలి కర్రు కొట్టిచ్చేవాడూ, పెళ్లికూతురి రవిక కుట్టిచ్చేవాడూ గడప ఎక్కకూడదు. కర్రుకు మైల లేదు, రవికకు మైల లేదు, చేసిన చేతికే మైల. నేరం ఒకటే అయినా కులాన్ని బట్టి శిక్ష మారేది. ఈ సంహిత 1963 దాకా, నూరేళ్లకు పైగా, దేశ చట్టంగా నడిచింది.

దళితులు దీన్ని నోరు మూసుకుని భరించారనుకుంటే పొరపాటు. 1940లలోనే పడమటి కొండల్లోని బాగ్‌లుంగ్‌లో భగత్ సర్వజిత్ విశ్వకర్మ సంఘం పెట్టాడు. 1950ల మొదట్లో కాఠ్మండూలో సహస్రనాథ్ కపాలీ లాంటివాళ్ల నాయకత్వంలో దళితులు పశుపతినాథ్ గుడిలో ప్రవేశం కోసం కదిలారు. నాసిక్ కాలారాం గుడి ముందు 1930లో మొదలైన సత్యాగ్రహం మనకు గుర్తొస్తుంది.

ఇక్కడ మనం జ్ఞాపకం చేసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1956 నవంబర్‌లో కాఠ్మండూలో ప్రపంచ బౌద్ధుల మహాసభ జరిగింది. అప్పటికి ఆరోగ్యం బాగా చెడిపోయిన అంబేద్కర్ ఆ సభకు వెళ్లి, నవంబర్ 20న బుద్ధుడినీ కార్ల్ మార్క్స్‌నూ పోల్చి మాట్లాడాడు. మనుషుల మధ్య అన్యాయం పోవాలన్న గమ్యం ఇద్దరిదీ ఒకటే అయినా, బలంతో తెచ్చిన మార్పు బలం ఉన్నంతవరకే నిలుస్తుందన్నది ఆయన ప్రధాన వాదన. ఆ తర్వాత 16 రోజులకు ఆయన చనిపోయాడు. ఆయన మాట్లాడిన నేల మీద అప్పటికి ఇంకా 1854 నాటి చట్టమే అమల్లో ఉంది. ఆయన ఎత్తిన ప్రశ్న నలభై ఏళ్ల తర్వాత అదే దేశంలో నెత్తుటి ప్రశ్నగా తిరిగొచ్చింది.

1990 తర్వాత: సంఘాలొచ్చాయి, అందరివీ కావు

1963లో కొత్త సంహిత కులాన్ని బట్టి వేసే శిక్షల్ని తీసేసింది. కానీ అంటరానితనం పాటించినవాడికి శిక్ష ఏమిటో చెప్పలేదు. పార్టీలను నిషేధించిన పంచాయతీ రాచపాలన 1990 దాకా సాగింది. ఆ ఏడాది ప్రజా ఉద్యమంతో బహుళ పార్టీ వ్యవస్థ తిరిగొచ్చింది. కొత్త రాజ్యాంగం అంటరానితనాన్ని నిషేధించింది. తర్వాత సంహితలో శిక్ష కూడా చేర్చారు. అయితే గుళ్లలో సంప్రదాయంగా వస్తున్న ఆచారం వివక్ష కిందికి రాదని ఒక వివరణ తగిలించారు. ముందు తలుపు మూసి వెనక తలుపు తెరవడమంటే ఇదే. దళితులు సుప్రీంకోర్టుకు పోయి ఆ వివరణను కొట్టేయించుకోవాల్సి వచ్చింది.

1990ల నేపాల్‌లో సంఘాలు కుప్పలుగా పుట్టాయి. హక్కుల సంస్థలు, పొదుపు సంఘాలు, తల్లుల సంఘాలు, పాల సహకార సంఘాలు. 1993 అటవీ చట్టం కింద వేల ఊళ్లలో అడవి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ఈ అడవి సంఘాలను ప్రపంచమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సినవే. బోడి కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. కానీ ఆ సంఘాల సభల్లో దళితుడు ఎక్కడ కూర్చున్నాడు? చాలా ఊళ్లలో కమిటీల పెత్తనం పైకులాల మగవాళ్లదే. అడవిని కాపాడాలని బొగ్గు కాల్చడం మీద ఆంక్షలు పెట్టారు. బొగ్గు లేకపోతే కామీ కొలిమి ఎట్లా రగులుతుంది? కొలిమి రగలకపోతే ఏడాదికోసారి రైతు కొలిచే ధాన్యం ఎట్లా వస్తుంది? మన దగ్గర 'మేర' అంటాం, అక్కడ 'బాలీ' అంటారు. అడవిని కాపాడినవాళ్లకు చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు. నిర్ణయం చేసే చోట కొలిమి ఉన్నవాడు లేడు, అంతే.

పాల సంగతీ అంతే. దళితుల ఇంటి పాలు కలిస్తే మిగతా పాలు మైలపడతాయని కొన్ని చోట్ల పాల కేంద్రాలు తీసుకోలేదు. సహకార సంఘం అంటే పాఠ్యపుస్తకాల ప్రకారం పౌర సమాజానికి మంచి ఉదాహరణ. మరి ఆ గిన్నె దగ్గర ఆగిపోయిన మనిషిని ఏమనాలి? సంఘాల లెక్క పెరిగినంత మాత్రాన సమాజం పౌర సమాజం కాదని మేమనేది ఇందుకే. ఊళ్లో ఉన్న కులమే సంఘంలోకీ నడిచి వస్తుంది, సంతకం చేసి కుర్చీలో కూర్చుంటుంది.

అందుకే దళితులు తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. సుదూర పశ్చిమ కొండల నుంచి వచ్చిన దుర్గా సోబ్ 1994లో దళిత మహిళల కోసం ఫెడో అనే సంస్థను స్థాపించింది. మహిళా సంఘాల్లో దళిత స్త్రీ మాట వినబడలేదు, దళిత సంఘాల్లో స్త్రీ మాట వినబడలేదు. రెండు చోట్లా నిలబడటానికి మూడో చోటు కావాల్సి వచ్చింది. 1996లో దళిత స్వచ్ఛంద సంస్థల సమాఖ్య ఏర్పడింది. 2000లో దళిత జర్నలిస్టులు జాగరణ్ మీడియా సెంటర్ పెట్టారు. వాళ్లు నడిపిన రేడియో కార్యక్రమం పేరు 'కట్వాల్'. కట్వాల్ అంటే ఊళ్లో కేక వేసి పెద్దల మాట చాటేవాడు, మామూలుగా దళితుడు. ఇన్నాళ్లూ ఊరి పెద్దల మాట చాటినవాడు ఇప్పుడు తన మాట తాను చాటుతున్నాడన్నమాట. డప్పు కొట్టి ఊరి చాటింపు వేసిన మాదిగలు 1994లో 'దండోరా' అని తమ ఉద్యమానికి పేరు పెట్టుకున్న సంగతి తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

చచ్చిన గొడ్డు ఎవరిది?

1999, 2000 ప్రాంతంలో తెరాయి మైదానంలోని సప్తరి, సిరహా జిల్లాల్లో చమార్లు ఒక నిర్ణయం చేశారు. చచ్చిన గొడ్లను ఇక మోయం అన్నారు. తరాలుగా ఆ పని చేసినందుకే తమను అంటరానివాళ్లన్నారు కాబట్టి ఆ పనే మానేస్తాం అన్నారు. ఎంత చిన్న మాట! తన పని తాను ఎంచుకునే స్వేచ్ఛ గురించిన మాట.

దానికి ఊరి జవాబు ఏమిటి? సాంఘిక బహిష్కరణ. కూలికి పిలవలేదు, అంగట్లో సరుకు ఇవ్వలేదు, దారులు మూశారు. 1991లో చుండూరు దళితులను ఊరి పెద్దకులాలు ఎట్లా వెలి వేశాయో, ఆ వెలి ఆగస్టు 6న ఎట్లా హత్యాకాండగా మారిందో మనకు తెలుసు. కాబట్టి బహిష్కరణ అంటే కేవలం మాటలు బంద్ చేయడం కాదని మనకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఈ ఉద్యమం జరిగిన సమయం చూడండి. అప్పటికే యుద్ధం మొదలై మూడు నాలుగేళ్లయింది. దేశం మొత్తం తుపాకుల గురించే మాట్లాడుతోంది. అట్లాంటి సమయంలో నిరుపేదలైన చమార్లు ఆయుధం పట్టకుండా, ఒక పని చేయబోమని చెప్పి, ఆకలికి తట్టుకుని నిలబడ్డారు. దళిత సంస్థలు, హక్కుల సంస్థలు వాళ్లకు తోడొచ్చాయి. మా దృష్టిలో ఆ కాలపు నేపాల్‌లో పౌర సమాజాన్ని నిర్మించిన పనుల్లో ఇదొకటి. సదస్సుల నివేదికల్లో దీనికి దొరికిన చోటు మాత్రం తక్కువ.

రెండు తుపాకుల నడుమ

1996 ఫిబ్రవరి 4న బాబూరామ్ భట్టరాయ్ ప్రధానమంత్రి షేర్ బహదూర్ దేవ్‌బాకు 40 డిమాండ్ల పత్రం ఇచ్చాడు. అంటరానితనం పోవాలన్నది అందులో ఒకటి. ఫిబ్రవరి 13న రోల్పా, రుకుమ్ లాంటి కొండ జిల్లాల్లో పోలీసు చౌకీల మీద దాడులతో యుద్ధం మొదలైంది.

దళిత యువకులు, యువతులు అందులోకి ఎందుకు వెళ్లారు? వాళ్లను ఎవరో మభ్యపెట్టారని చెప్పడం దళితులకు బుద్ధి లేదని చెప్పడమే. పార్లమెంటరీ ప్రజాస్వామ్యం వాళ్లకు ఇచ్చిందేమిటి? 1999లో ఎన్నికైన 205 మంది ప్రతినిధుల సభలో దళితుడు ఒక్కడూ లేడు. మావోయిస్టులు వచ్చిన ఊళ్లలో దళితులు అందరి ధార దగ్గరే నీళ్లు పట్టుకున్నారు. గుడి తలుపులు తెరిపించారు. దళితుడిని అవమానించినవాడిని జనం ముందు నిలబెట్టారు. నూటయాభై ఏళ్ల నుంచి తల వంచుకున్నవాడికి ఇది ఎంత పెద్ద మార్పో మనం అర్థం చేసుకోవాలి. దీన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

కానీ రెండో వైపు కూడా చూడాలి. పార్టీ పై నాయకత్వంలో ప్రచండ, భట్టరాయ్ ఇద్దరూ బ్రాహ్మణులే. దళితులకు ముక్తి మోర్చా పెట్టారు. నిర్ణయాలు చేసే గదిలో మాత్రం వాళ్లు తక్కువ. ఇంకా ముఖ్యమైన సంగతి: భయంతో తెరిచిన ధార భయం పోగానే ఏమైంది? తుపాకీ పక్క ఊరికి పోగానే చాలా చోట్ల పాత ఆచారం తిరిగొచ్చింది. కాఠ్మండూలో అంబేద్కర్ చెప్పింది ఇదే గదా.

యుద్ధం దళితుడిని అతని పని మీదుగానే పట్టుకుంది. కామీ చేతిలో ఇనుప పని ఉంది కాబట్టి ఆయుధాలు చేసిపెట్టమని మావోయిస్టులు అడిగారు. దమాయీ చేతిలో సూది ఉంది కాబట్టి యూనిఫారాలు కుట్టమన్నారు. చేయనంటే కుదరదు. చేస్తే సైన్యానికి అనుమానం. రాత్రి వచ్చినవాళ్లు అన్నం పెట్టమంటారు, పగలు వచ్చినవాళ్లు ఎందుకు పెట్టావంటారు. 2001 నవంబర్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించి సైన్యాన్ని దించాక ఇది మరీ పెరిగింది. తీవ్రవాద నిరోధక ఆర్డినెన్సు పేరుతో విచారణ లేకుండా నెలల తరబడి నిర్బంధించారు. 2003, 2004లలో ఐక్యరాజ్యసమితి దృష్టికి వచ్చిన కొత్త అదృశ్యాల్లో ప్రపంచంలోనే ఎక్కువ నేపాల్‌వి.

మావోయిస్టుల చేతుల్లోనూ పౌరులు చనిపోయారు. 2002 జనవరిలో లంజుంగ్ జిల్లాలో హెడ్మాస్టరు, మానవహక్కుల కార్యకర్త ముక్తినాథ్ అధికారిని బడి నుంచి తీసుకుపోయి చంపారు. 2004లో దైలేఖ్‌లో జర్నలిస్టు డేకేంద్ర థాపాను చంపారు. 2005 జూన్‌లో చిత్వన్ జిల్లా మాడీలో ప్రయాణికుల బస్సును మందుపాతరతో పేల్చేస్తే ముప్పై మందికి పైగా చనిపోయారు. ఒక వైపు హత్యలు మాత్రమే లెక్కపెట్టే సంస్థను ఊరి మనిషి నమ్మడు. ఇన్సెక్ లాంటి హక్కుల సంస్థలు జిల్లా జిల్లాకూ మనుషుల్ని పెట్టుకుని రెండు వైపుల హత్యలూ ఏటేటా నమోదు చేశాయి. పేరు, ఊరు, తేదీ, ఎవరు చంపారు అన్నది రాసి పెట్టడం ఆ రోజుల్లో ప్రాణాల మీదికి తెచ్చే పని.

ఇంకో సంగతి. 2002లో స్థానిక సంస్థల పదవీకాలం అయిపోయింది. తర్వాత ఎన్నికలు జరిగింది 2017లో. పదిహేనేళ్లపాటు ఊరికి ఎన్నికైన ప్రతినిధి లేడు. గ్రామ కార్యదర్శులు చాలామంది జిల్లా కేంద్రాలకు పారిపోయారు. అట్లాంటి ఖాళీలో ఊరిని నడిపినవి పొదుపు సంఘం, అడవి సంఘం, తల్లుల సంఘం, బడి కమిటీ. వాటిలో ఎవరికి చోటు ఉందన్నది అప్పుడు బతుకు ప్రశ్న అయింది. సాయం బియ్యం ఎవరికి చేరాలి, ఎవరి పేరు ఏ జాబితాలో రాయాలి అన్నది అక్కడే తేలింది. దళిత స్త్రీల పొదుపు సంఘాల్లో జమ చేసిన కొద్ది రూపాయల కంటే, వారానికోసారి పదిమంది ఒకచోట కూర్చుని మాట్లాడుకునే అలవాటే ఎక్కువ పనికొచ్చింది.

కాఠ్మండూ వీధుల్లో

2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర పాలన మొత్తం తన చేతిలోకి తీసుకున్నాడు. ఫోన్లు ఆగిపోయాయి, పత్రికల్లో సైనికులు కూర్చున్నారు, నాయకులు జైళ్లలో పడ్డారు. పార్టీల మీద జనానికి నమ్మకం తక్కువగా ఉన్న ఆ సమయంలో దేవేంద్ర రాజ్ పాండే, కృష్ణ పహాడీ లాంటివాళ్లు ప్రజాస్వామ్యం, శాంతి కోసం పౌర ఉద్యమం మొదలుపెట్టారు. సభల్లో వేదిక మీద పౌరులు కూర్చున్నారు, పార్టీ నాయకుల్ని కింద కూర్చుని వినమన్నారు. నవంబర్‌లో ఏడు పార్టీలకూ మావోయిస్టులకూ 12 అంశాల అవగాహన కుదిరింది. 2006 ఏప్రిల్‌లో 19 రోజుల ప్రజా ఉద్యమం రాజును దించింది. నవంబర్ 21న గిరిజా ప్రసాద్ కొయిరాలా, ప్రచండ సమగ్ర శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ మన అనుభవం గుర్తొస్తుంది. 1997లో ఎస్.ఆర్. శంకరన్ సారథ్యంలో పౌర స్పందన వేదిక ఏర్పడి, రాజ్యాన్నీ నక్సలైట్లనూ ఇద్దరినీ ప్రశ్నించింది. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా ఆ ప్రయత్నం చెడిపోయింది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరలేదు అన్నది వేరే పెద్ద చర్చ. అక్కడ రాజుకు వ్యతిరేకంగా పార్టీలూ మావోయిస్టులూ ఒక పక్కకు వచ్చే అవకాశం దొరికింది, ఇక్కడ అట్లాంటిది లేదు. మేము గుర్తుచేయాలనుకుంటున్నది శంకరన్ జీవితంలోని ఇంకో భాగాన్ని. వెట్టి విముక్తి, దళితుల భూములు, హాస్టళ్లు, పాకీ పని నిర్మూలన కోసం జీవితకాలం పనిచేసిన మనిషి కాబట్టే రెండు తుపాకుల మధ్య నిలబడి మాట్లాడితే ఆయన మాటకు బరువుంది. వాడతో సంబంధం లేని శాంతి దూతకు ఆ బరువు రాదు.

శాంతి వాడ దాకా వచ్చిందా?

2006 జూన్ 4న నేపాల్ పార్లమెంటు దేశాన్ని అంటరానితనం లేని దేశంగా ప్రకటించింది. ప్రకటనలు మంచివే. 2008 రాజ్యాంగ సభలో 601 మందిలో దాదాపు 50 మంది దళితులు వచ్చారు. తొమ్మిదేళ్ల ముందు సున్నా ఉన్నచోట ఇది చిన్న సంగతి కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సుదూర పశ్చిమంలో అప్పు కింద తరాలుగా నాగలి పట్టిన హలియాలను విముక్తుల్ని చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది దళితులు. 2011లో కుల వివక్షను నేరంగా చేస్తూ ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంట్లో, బయట, ఎక్కడ జరిగినా నేరమేనని చెప్పింది. 2015 రాజ్యాంగంలో 24వ అధికరణ అంటరానితనాన్ని నిషేధించింది, 40వ అధికరణ దళితుల హక్కులను విడిగా రాసింది.

వీటన్నిటికంటే మాకు ముఖ్యమనిపించేది 2017 స్థానిక ఎన్నికల ఏర్పాటు. ప్రతి వార్డులో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. ఆ నలుగురిలో ఒకరు తప్పనిసరిగా దళిత మహిళ. దేశం మొత్తం మీద 6,500 మందికి పైగా దళిత స్త్రీలు ఎన్నికయ్యారు. చాలామందిని నిర్ణయాలప్పుడు పక్కన పెట్టారు, సంతకానికే పిలిచారు. అయినా వార్డు ఆఫీసులో ఆమెకు ఒక కుర్చీ ఉందన్నది ఊరందరికీ తెలిసింది. ఇరవై ఏళ్లుగా సంఘాల్లో కూర్చుని మాట్లాడటం నేర్చుకున్న స్త్రీలు లేకపోతే ఆ కుర్చీల్లో కూర్చోవడానికి ఎవరు ముందుకొచ్చేవాళ్లు?

మరి న్యాయం? కాభ్రే జిల్లాకు చెందిన దేవీ సునువార్ కథ చూడండి. 2004 ఫిబ్రవరిలో సైనికులు తన బంధువుల అమ్మాయిని చంపడం గురించి ఆమె నోరు విప్పింది. కొద్ది రోజులకే ఆమె కోసం వచ్చిన సైనికులు, ఆమె దొరక్కపోతే 15 ఏళ్ల కూతురు మైనాను తీసుకుపోయారు. మైనా సైనిక శిబిరంలో చిత్రహింసలతో చనిపోయింది. 2005లో సైనిక కోర్టు ముగ్గురు అధికారులకు వేసిన శిక్ష ఆరు నెలలు. తల్లి వదల్లేదు. హక్కుల సంస్థలు, లాయర్లు ఆమె వెంట నిలబడ్డారు. 2007లో శిబిరం నుంచి అస్థికలు బయటికి తీశారు. 2017లో జిల్లా కోర్టు ఆ ముగ్గురినీ హత్యానేరం కింద దోషులన్నది. ఆ తీర్పు వచ్చిన రోజు దోషులు కోర్టులో లేరు. సత్య నిరూపణ కమిషన్ 2015లో ఏర్పడింది. 60 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. అవి ఏళ్ల తరబడి బీరువాల్లోనే ఉన్నాయి.

ఇక 2020 మే 23. పశ్చిమ రుకుమ్‌లోని సోతీ గ్రామం. పైకులం అమ్మాయిని ప్రేమించిన దళిత యువకుడు స్నేహితులతో కలిసి ఆమె ఊరికి వెళ్లాడు. ఊరివాళ్లు తరిమారు, రాళ్లతో కొట్టారు. ఆరుగురు యువకులు చనిపోయారు. భేరీ నదిలో శవాలు దొరికాయి. రుకుమ్ అంటే ఏ నేల? పాతికేళ్ల కింద యుద్ధం మొదలైన నేల. అంటరానితనాన్ని తుపాకీతో తుడిచేశామని చెప్పుకున్న నేల. పదేళ్ల యుద్ధం, శాంతి ఒప్పందం, రాజ్యాంగం, చట్టం అన్నీ దాటి పాత కులం అక్కడ ఒడ్డునే నిలబడి ఉంది.

మనం తీసుకోవాల్సింది

దీన్నిబట్టి యుద్ధం వ్యర్థమని, చట్టాలు వ్యర్థమని, సంఘాలు వ్యర్థమని తేల్చేయడం తేలిక. మేము ఆ మాట అనం. మావోయిస్టు యుద్ధం దళిత ప్రశ్నను కాఠ్మండూ బల్ల మీదికి నెట్టిందన్నది కాదనలేం. కాఠ్మండూ పౌర ఉద్యమం లేకుండా ఆ రెండు తుపాకులూ ఆగేవి కావు. కానీ ఆ రెండింటి వల్ల వచ్చిన హక్కును వాడలో నిలబెట్టాల్సింది దళితుల సొంత సంఘాలే. అవి బలంగా ఉన్నచోట చట్టం పనికొచ్చింది. లేనిచోట కాగితంగా మిగిలింది.

దళిత సంఘాల లోపాలు కూడా దాచుకోవద్దు. విదేశీ నిధుల కోసం చాలా సంస్థలు కాఠ్మండూలోనే ఉండిపోయాయి. ప్రాజెక్టు ముగిస్తే పని ముగిసేది. కొండ దళితుల నాయకత్వంలో తెరాయి ముసహర్, డోమ్‌ల గొంతు తక్కువ వినబడింది. మన దగ్గర మాల, మాదిగల మధ్య నడిచిన వాదన తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అణగారినవాళ్లలో అణగారినవాళ్లను లెక్కపెట్టని సంఘం కూడా ఒక చిన్న పురమే.

2025 సెప్టెంబర్‌లో నేపాల్ యువతరం వీధుల్లోకి వచ్చి మరో ప్రభుత్వాన్ని దించింది. డెబ్బై మందికి పైగా ప్రాణాలు పోయాయి. మళ్లీ పౌర సమాజం గురించి, కొత్త వ్యవస్థ గురించి మాటలు మొదలయ్యాయి. ప్రతిసారీ ఇట్లాంటి సమయంలో దళితులకు వినబడే మాట ఒకటుంది: ముందు శాంతి రానివ్వండి, తర్వాత మీ సంగతి చూద్దాం. మన విప్లవోద్యమాల్లోనూ ముందు విప్లవం రానివ్వండి అన్నారు. కారంచేడు తర్వాత మనం ఆ మాటను ఒప్పుకోలేదు.

కాబట్టి యుద్ధం నడిచిన ఏ దేశంలోనైనా, మన సొంత ఊళ్లోనైనా, పౌర సమాజం వచ్చిందా అని అడిగినప్పుడు ఎన్ని సంస్థలు రిజిస్టరయ్యాయో చూసి ఊరుకోవద్దు. ఊరి నీళ్ల దగ్గర ఎవరు ముందు పట్టుకుంటున్నారు, పాలకేంద్రంలో ఎవరి పాలు కలుస్తున్నాయి, సభలో ఎవరు కుర్చీలో ఉన్నారు, ఎవరు గుమ్మం బయట ఉన్నారు అని చూడాలి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు ఎవరి ఊళ్లో వాళ్లు ఈ నాలుగు ప్రశ్నలు వేసి, వచ్చిన జవాబులు రాసి పెట్టాలని మేము కోరుతున్నాం. ముందు మన ఊళ్ల లెక్క తేలితే, పక్క దేశాల గురించి చెప్పే మాటకు అప్పుడు బలం వస్తుంది.